ఎవరిదీ కాని నేల

భూగోళ గ్రంథకర్తకు పక్షపాతం వుండదని మన చదువుకున్నవారిలో ఒక నమ్మకం వుంది. కవి ఆవేశపడతాడు, రాజకీయవాది వాదిస్తాడు, భూగోళ గ్రంథం మాత్రం వున్నది వున్నట్లు చెబుతుంది - ఇదీ ఆ నమ్మకం. దేశాలను పరిచయం చేసే గ్రంథం ఏది తెరిచినా నాలుగు శీర్షికలు కనిపిస్తాయి: భౌగోళికం, ప్రజలు, ప్రభుత్వం, ఆర్థికం. ఒక్కొక్క దాని కింద పది వాక్యాలు, నాలుగు అంకెలు. సాహిత్య విమర్శకుడు ఈ వచనాన్ని ముట్టుకోడు. అది సాహిత్యం కాదంటాడు. కాని మన కావ్యాలను చదివేవారికంటే ఆ వచనాన్ని చదివేవారు ఎన్నో రెట్లు ఎక్కువ. పరాయి జాతి ప్రజలను గురించి మనకు కలిగే అభిప్రాయాలకు పునాది వేసేది అదే. అటువంటప్పుడు దానిని విమర్శకు అతీతంగా వదిలివేయటం న్యాయమా?

ఈ వచనాన్ని పరీక్షించటానికి పడమటి సహారా మంచి గీటురాయి. ఆఫ్రికాకు వాయవ్యంగా, అట్లాంటిక్ తీరాన వున్న ఎడారి అది. వైశాల్యం సుమారు 2,66,000 చదరపు కిలోమీటర్లు. రెండు తెలుగు రాష్ట్రాలనూ కలిపితే దాదాపు అంత. ఉత్తరాన మొరాకో, ఈశాన్యాన అల్జీరియా కొద్దిపాటి సరిహద్దు, తూర్పునా దక్షిణానా మౌరిటానియా. 1884 నుంచి 1976 దాకా స్పెయిన్ ఆధిపత్యంలో వుంది. స్వపరిపాలన లేని ప్రాంతాల జాబితాలో 1963లో ఐక్యరాజ్యసమితి దానిని చేర్చింది. అది నేటికీ ఆ జాబితాలోనే వుంది.

మొదటి శీర్షిక భౌగోళికం. గ్రంథాలు సాధారణంగా ఇక్కడ "నిర్జన"మనీ, "శూన్య"మనీ వ్రాస్తాయి. అక్కడ ఏడాది పొడుగునా పారే నది లేదు. వాన అరుదు. ఇవి నిజాలే. కాని శూన్యమనేది ఎవరి చూపు? ఉత్తర భాగాన్ని అరబ్బీలో సాగియా అల్ హమ్రా అంటారు. ఎర్రని కాలువ అని అర్థం. వాన పడినప్పుడు ఏ వాగులో నీరు పారుతుందో ఎరిగినవాడు పెట్టిన పేరు అది. దక్షిణ భాగాన్ని స్పెయిన్ వారు రియో దె ఓరో అన్నారు. బంగారు నది అని అర్థం. అక్కడ నదీ లేదు, బంగారు గనీ లేదు. 15వ శతాబ్దంలో పోర్చుగీసు నావికులు ఒక అఖాతాన్ని నదీముఖమనుకున్నారు. అక్కడ కొంత బంగారు పొడి వారి చేతికి వచ్చింది. ఆ పేరు అలా నిలిచిపోయింది. ఒకే నేలకు రెండు పేర్లు. ఒకటి నీటిని వెతుక్కునేవాడిది, ఒకటి సొమ్మును వెతుక్కునేవాడిది. పటం మీద రెండూ ఒకే సైజు అక్షరాలలో వుంటాయి. పాఠకుడికి తేడా తెలియదు.

ఈ విద్య మనకూ కొత్త కాదు. గొర్రెల కాపరి తరతరాలుగా మందను మేపుకున్న నేలను సర్కారు దస్తరం "బంజరు" అని వ్రాసింది, "పోరంబోకు" అని వ్రాసింది. శిస్తు రాని నేల ఎవరిదీ కాదని ఆ మాటల భావం. శిస్తు వసూలు చేసేవాడి అవసరాన్నిబట్టి పుట్టిన మాట క్రమంగా భూమి లక్షణంగా చలామణీ అయింది.

పడమటి సహారా విషయంలో ఈ మాట అంతర్జాతీయ న్యాయస్థానం దాకా వెళ్లింది. స్పెయిన్ ఆక్రమించిన నాటికి ఆ నేల "ఎవరిదీ కానిదా?" అన్నది న్యాయస్థానం ముందుంచిన మొదటి ప్రశ్న. 1975 అక్టోబరు 16న న్యాయస్థానం జవాబిచ్చింది. ఆ నేల ఎవరిదీ కానిది కాదు, అక్కడ తమ నాయకుల కింద సంఘటితమైన తెగలు వున్నాయి అన్నది. మొరాకో సుల్తానుకూ కొన్ని తెగలకూ విధేయతాబంధం వున్నదని కూడా ఒప్పుకున్నది. కాని ఆ బంధం సార్వభౌమత్వం కాదనీ, ఆ ప్రజల స్వయంనిర్ణయ హక్కును అది అడ్డుకోజాలదనీ తేల్చింది. మూడు వారాలు గడిచాయో లేదో, నవంబరు 6న మొరాకో రాజు హసన్ పిలుపు మీద మూడున్నర లక్షల మంది నిరాయుధులు సరిహద్దు దాటారు. నవంబరు 14న మాడ్రిడ్‌లో స్పెయిన్, మొరాకో, మౌరిటానియాలు ఒప్పందం చేసుకున్నాయి. ఆ బల్ల దగ్గర ఆ నేలవారు ఒక్కరూ లేరు.

ఇక రెండవ శీర్షిక: ప్రజలు. సహరావీలు హస్సానియా అనే అరబ్బీ మాండలికం మాట్లాడతారు. వాన పడిన చోటికి మందలను తోలుకుపోయే జీవితం కనుక తమను తాము మబ్బుల బిడ్డలమని చెప్పుకుంటారు. గ్రంథకర్త ఇంతవరకు వ్రాసి, జనసంఖ్య వేసి, ముగిస్తాడు. కాని ఇక్కడ జనసంఖ్యే యుద్ధరంగం. 1974లో స్పెయిన్ తీసిన జనాభా లెక్కలో తేలినవారు 73,497 మంది. 1991లో యుద్ధం ఆగి, ప్రజాభిప్రాయ సేకరణ జరపాలని నిశ్చయించినప్పుడు ఓటు ఎవరిదన్న ప్రశ్న వచ్చింది. పాత లెక్కే ఆధారమని పొలిసారియో అన్నది. వలసలు పోయిన తెగలవారినీ చేర్చాలని మొరాకో అన్నది. మనుషులను ఒక్కొక్కరినే పిలిచి, తెగల పెద్దలను సాక్షులుగా కూర్చోబెట్టి, ఏళ్లతరబడి విచారించారు. 2000 నాటికి 86 వేల పైచిలుకు పేర్లు ఒప్పుదల అయ్యాయి. 1,30,000 పైగా అప్పీళ్లు వచ్చిపడ్డాయి. వోటింగు ఈనాటికీ జరగలేదు.

అల్జీరియాలో తిండూఫ్ దగ్గర శరణార్థి శిబిరాలలో వున్నవారు 1,73,600 మంది అని 2018లో ఐక్యరాజ్యసమితి అంచనా. ఈ అంకెను మొరాకో ఒప్పుకోదు. ఆ శిబిరాల పేర్లు చూడండి: ఎల్ అయూన్, స్మారా, దఖ్లా, ఔసర్ద్, బుజ్దూర్. అన్నీ విడిచి వచ్చిన వూళ్ల పేర్లే. యాభై ఏళ్లుగా గుడారాలలో, మట్టి ఇళ్లలో వుంటూ, తాను ఏనాడూ చూడని వూరి పేరునే తన చిరునామాగా చెప్పే యువకుణ్ణి గ్రంథకర్త ఏ శీర్షిక కింద చేరుస్తాడు?

మూడవ శీర్షిక ప్రభుత్వం. ఇక్కడ గ్రంథకర్త చిక్కులో పడతాడు. సుమారు 2,700 కిలోమీటర్ల పొడవున ఇసుకతో, రాతితో 1980లలో మొరాకో సైన్యం కట్టిన గోడ ఒకటి ఆ దేశాన్ని చీలుస్తున్నది. పడమర వైపు దాదాపు 80 శాతం నేల మొరాకో చేతిలో వుంది. తూర్పు భాగం తనదని పొలిసారియో అంటుంది. అది 1976 ఫిబ్రవరి 27న ప్రకటించిన సహరావీ గణతంత్రానికి ఆఫ్రికా సమాఖ్యలో సభ్యత్వం వుంది. దాని పరిపాలన మాత్రం అల్జీరియా గడ్డ మీది శిబిరాలనుంచి. మన భారతదేశం ఆ గణతంత్రాన్ని 1985లో గుర్తించింది, 2000లో ఆ గుర్తింపును ఉపసంహరించుకొన్నది. ఆ ఎడారి ప్రజల న్యాయం ఆ పదిహేనేళ్లలో తరిగిందా, మన అవసరాలు పెరిగాయా?

దీనికి జవాబు నాలుగవ శీర్షిక కింద కొంత దొరుకుతుంది. బూక్రా గనిలో ఫాస్ఫేటు వుంది. సుమారు నూరు కిలోమీటర్ల పొడవైన కన్వేయరు పట్టీ మీద అది సముద్రతీరానికి ప్రయాణం చేస్తుంది. తీరజలాలలో చేపలు సమృద్ధిగా వున్నాయి. స్పెయిన్ వెళ్లిపోతూ కూడా గనిలో 35 శాతం వాటా నిలుపుకొన్నది. భారతదేశం ఫాస్ఫేట్ ఎరువుల ముడిసరుకును మొరాకోనుంచి పెద్ద ఎత్తున కొంటుంది. మన రైతు డి.ఎ.పి. బస్తా మీద వుండే ముద్రలు అతడికి ధరా, తూకమూ చెబుతాయి. ఆ ఖనిజం ఎవరి నేలనుంచి వచ్చిందో చెప్పవు.

అంతమాత్రాన అంతా ఫాస్ఫేట్ మహిమే అని తేల్చివేయటం కూడా పొరపాటే. మన అభ్యుదయ విమర్శకులలో కొందరికి ఈ యాంత్రికపు అలవాటు వుంది. బూక్రా నిల్వ మొరాకో మొత్తం నిల్వలలో చిన్న పాలు. రాజరికపు ప్రతిష్ఠ, అల్జీరియా మొరాకోల చిరకాల వైరం, గొప్ప రాజ్యాల లెక్కలు - ఇవన్నీ కలిసి ఆ ముడి పడింది. ఆర్థిక కారణం చెప్పేవాడు మిగతా కారణాలను మింగివేయరాదు.

మాటకు ఎంత బలముందో ఇటీవలి తీర్పు ఒకటి చూపింది. అక్కడ పండిన టమాటాలు, కర్బూజాల మీద మూలదేశం పేరుగా "పడమటి సహారా" అనే వ్రాయాలని 2024 అక్టోబరు 4న యూరప్ సమాఖ్య న్యాయస్థానం చెప్పింది. ఆ ప్రజల సమ్మతి లేకుండా చేసుకున్న వ్యాపార ఒప్పందాలు చెల్లవని అదే రోజున మరొక తీర్పు. పండు మీద అతికించే చీటీలోని రెండు మాటల కోసం న్యాయస్థానానికి పోవలసి వచ్చిందంటే, పేరు పెట్టటం అల్పవిషయమని ఎవరనగలరు?

మరి రచయితలు ఏం చేశారు? ఎడారిని గురించి కవిత్వం చెప్పే పరాయివారు సాధారణంగా ఇసుక తిన్నెలనూ, నక్షత్రాలనూ, నిశ్శబ్దాన్నీ వర్ణిస్తారు. భూగోళకర్త "శూన్యం" అన్నచోట వీరు "ప్రశాంతి" అంటారు. మాట అందమైనదే గాని, మనిషి అక్కడా లేడు. సహరావీల సాహిత్యం ప్రధానంగా మౌఖికం. హస్సానియా పద్యం బావుల పేర్లను, కొండల పేర్లను, తెగల దారులను గుర్తుంచుకుంటుంది. శిబిరాలలో బ్రతికి 2015లో మరణించిన మరియెమ్ హసన్ పాట ఆ సంప్రదాయాన్ని ప్రపంచానికి వినిపించింది. స్పానిష్ భాషలో వ్రాసే సహరావీ కవులు 2005లో మాడ్రిడ్‌లో ఒక సంఘంగా ఏర్పడ్డారు. ఏలినవాడి భాషలోనే ఏలినవాడి బాధ్యతను గుర్తుచేయటం వారి పద్ధతి. నా అభిప్రాయంలో నిజమైన భూగోళ గ్రంథం వారిదే. ఎందుకంటే అందులో స్థలనామం వెనుక మనిషి వున్నాడు.

నేను ఒక పక్షాన్ని మాత్రమే చెబుతున్నానని ఆక్షేపించేవారు వుంటారు. వారికి జవాబు చెప్పవలసి వుంది. పొలిసారియో దోషరహితమైనది కాదు. మొరాకో యుద్ధఖైదీలను అది దశాబ్దాల తరబడి నిర్బంధించింది. ఆఖరి 404 మంది 2005లో గాని విడుదల కాలేదు. గోడకు పడమర వైపు స్వయంనిర్ణయం కోరినవారు జైళ్లపాలయినట్లే ఇదీ చెప్పితీరవలసిన నిజం. 1975 తరువాత వలస వచ్చినవారి పిల్లలు అక్కడే పుట్టి పెరిగారు. వారూ మనుషులే. విమర్శకుడి నిష్పాక్షికత నిజాలు దాచకపోవటంలో వుండాలి. గోడ కట్టినవాడికీ గోడకు అవతల పడ్డవాడికీ సమానంగా నాలుగేసి వాక్యాలు పంచటంలో లేదు.

2007లో మొరాకో స్వయంప్రతిపత్తి ప్రణాళికను ముందుంచింది. 2025 అక్టోబరు 31న భద్రతామండలి ఆ ప్రణాళికే చర్చలకు ఆధారమని తీర్మానించింది. రేపటి గ్రంథకర్త ఆ మేరకు తన నాలుగు శీర్షికలను సవరించుకుంటాడు. ప్రభుత్వమన్న చోట వాక్యాలు మారతాయి. బహుశా శీర్షికకు పైనున్న దేశం పేరే మాయమవుతుంది. అప్పుడు కూడా ఆ వచనం ప్రశాంతంగానే వుంటుంది, వున్నది వున్నట్లు చెప్పినట్లే వుంటుంది.

భాషను బోధించేవారమూ, భాషతో పని చేసేవారమూ అయిన మనం ఈ ప్రశాంతిని అనుమానించటం నేర్చుకోవాలి. తరగతిలో ప్రబంధవర్ణనకు తాత్పర్యం చెప్పే శ్రద్ధలో పదోవంతు ఈ పొడి వాక్యాలకు ఖర్చుపెట్టినా చాలు. "నిర్జనం" అన్న మాట కనిపించినప్పుడు, అక్కడి జనం ఎక్కడికి పోయారని విద్యార్థి అడగగలగాలి. ఆ ప్రశ్న అడగటం వస్తే అతడికి విమర్శ వచ్చినట్లే.