క్రోమియపు మెరుగుకు నూనె కాపుదలయా?

మోటారుసైకిలు హ్యాండిలు, మడ్‌గార్డు, చక్రపు రిమ్ము, సైలెన్సరు అద్దమువలె మెరయుచుండుట యజమానికి ముచ్చట. కాని రెండు వానకాలములు గడచునప్పటికి ఆ మెరుగుమీద ఆవగింజలంత గోధుమరంగు చుక్కలు బయలుదేరును. అప్పుడు నలుగురును చెప్పు సలహా ఒక్కటే: "కాస్త కొబ్బరినూనె రాయండి, తుప్పు పట్టదు." ఈ సలహాకు పాఠశాల పుస్తకము కూడ అండగా నిలుచుచున్నది. త్రుప్పును నివారించు మార్గములను చెప్పునప్పుడు రంగువేయుట, నూనె పూయుట, తుత్తునాగపు పూత, క్రోమియపు పూత అని అన్నింటిని ఒకే వరుసలో చేర్చుట పరిపాటి. ఇందులో నిజము లేకపోలేదు. ఆ నిజమునకు గల హద్దులను చెప్పకపోవుటయే లోపము.

మొదట తేల్చుకొనవలసినది, త్రుప్పు పట్టుచున్నదేమిటి అనునది. త్రుప్పు క్రోమియమునకు పట్టదు. గాలి సోకగానే క్రోమియముపై మిల్లీమీటరులో పదిలక్షలవ వంతుకు కొద్ది రెట్లు మాత్రమే మందముగల ఆక్సైడు పొర ఏర్పడి, లోపలి లోహమును కాపాడును. గీత పడినను ఆ పొర తిరిగి తనంతట తానే ఏర్పడును. గోధుమరంగు చుక్క అడుగున ఉన్న ఉక్కునుండి వచ్చినది. మెరుగు భాగములలో ఉక్కుమీద నికెలు పూత, దానిపైన క్రోమియపు పూత ఉండును. నికెలు మందము సాధారణముగా 20 నుండి 30 మైక్రానులు. క్రోమియము మందము సుమారు 0.3 మైక్రాను మాత్రమే. తల వెండ్రుక మందము దాదాపు 70 మైక్రానులని తలచినచో ఈ పూత ఎంత పలుచనిదో తెలియును. ఇంత పలుచని పూతలో కంటికి కనబడని రంధ్రములు, పగుళ్లు ఉండక తప్పదు.

ఇక్కడనే పుస్తకములోని వరుస విద్యార్థిని తప్పుదారి పట్టించుచున్నది. తుత్తునాగపు పూత చిల్లుపడినను తాను కరగిపోవుచు ఇనుమును కాపాడును. క్రోమియపు పూత నడవడి దీనికి సరిగా విరుద్ధము. రంధ్రములోనికి ఉప్పునీరు చేరినప్పుడు చుట్టునున్న క్రోమియము కాథోడుగాను, బయటపడిన నికెలు ఆనోడుగాను పనిచేయును. నికెలు తొలిచివేయబడి ఉక్కు బయటపడగానే ఉక్కే ఆనోడగును. కాథోడు వైశాల్యము మిక్కిలి పెద్దది, ఆనోడు సూదిమొనంత చిన్నది. అందుచేత దెబ్బయంతయు ఆ ఒక్కచోటనే లోతునకు దిగును. పూత చెడినచోట పూతయే శత్రువగుచున్నది. విశాఖపట్టణము, కాకినాడ వంటి తీరపట్టణములలో సముద్రపుగాలి మోసుకొనివచ్చు ఉప్పు ఈ పనికి మరింత తోడ్పడును.

ఇక నూనె సంగతి. మూడు పరీక్షనాళికల ప్రయోగము ప్రతి ఉపాధ్యాయునికి తెలిసినదే. మరగించిన నీటిలో మేకు వేసి, పైన నూనె పోసినచో మేకు చాలదినములు మెరుపు చెడక ఉండును. దీనిని చూచిన విద్యార్థి నూనెలోనుండి ఆమ్లజని దూరదని వ్రాసికొనును. అది సరికాదు. శాకతైలములలో ఆమ్లజని నీటిలోకన్న కొన్ని రెట్లు ఎక్కువగానే కరగును. నాళికలోని మందమైన నూనె ఆమ్లజని రాకను ఆలస్యము చేయును గాని పూర్తిగా ఆపజాలదు. నాళికలో అంగుళమంత మందమున్న నూనె చేసిన పనిని, గుడ్డతో తుడిచిన పలుచని జిడ్డు చేయునని ఆశించుట ప్రయోగమును మించిన నమ్మకము. పైగా వాననీరు నిలిచినచోట ఆ జిడ్డుపొర చీలి, నీటికి చోటిచ్చును.

నూనెలన్నియు ఒకటి కావు. కొబ్బరినూనె అయోడిన్ సంఖ్య సుమారు 6 నుండి 11. అది గాలికి ఆరి గట్టిపడదు, సుమారు 24 డిగ్రీల సెంటీగ్రేడునకు దిగువన పేరుకొనును. అవిసెనూనె సంఖ్య 170 నుండి 200. అది ఆమ్లజనిని పీల్చుకొని గట్టి పొరగా మారును. వేరుసెనగనూనె ఈ రెంటికి నడుమ నిలిచి, నాళ్లు గడచినకొలది జిగురెక్కును. జిడ్డుకు అంటిన దుమ్ము ఉప్పును, తేమను పట్టి ఉంచును. కాపుదలకని రాసినది కొన్నాళ్లకు తడిగుడ్డ కప్పినట్లగును. వాడిన ఇంజను ఆయిలులో ఆమ్లములు, మసి చేరియుండును. అది చర్మమునకు కూడ హానికరము.

అయినను నూనెను పూర్తిగా త్రోసిపుచ్చనక్కరలేదు. బండిని మంచినీటితో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, ఎండలో ఆరనిచ్చిన పిమ్మట, కుట్టుమిషను నూనె వంటి ఖనిజతైలమును పలుచగా రాసి, వారము వారము తుడిచి మరల రాసినచో కొంత మేలు కలుగును. మైనపు పాలిష్ ఇంతకన్న మేలు. అది దుమ్మును అంతగా పట్టదు. కాని అసలు కాపుదల చేయునది ఉప్పును కడిగివేయుటయే. కడుగకుండ రాసిన నూనె ఉప్పును లోపలనే బంధించును.

ఈ సలహా చెప్పువారు విడిచిపెట్టుచున్న మరియొక విషయము ప్రాణములకు సంబంధించినది. రిమ్ముకు రాసిన నూనె టైరుమీదికి, బ్రేకులలోనికి జారినచో బండి నిలువవలసినచోట నిలువదు. సైలెన్సరుపై రాసిన నూనె వేడికి మాడి గోధుమరంగు మరక కట్టును. దానిని త్రుప్పనుకొని మరికొంత నూనె రాయువారు కలరు.

ఉపాధ్యాయుడు దీనిని తరగతిలో సులభముగా చూపవచ్చును. ఒక మేకుకు రాగితీగ, మరియొకదానికి తుత్తునాగపు ముక్క చుట్టి, మూడవదానిని ఉత్తగానే ఉంచి, మూడింటిని ఉప్పునీటిలో వేసినచో రాగి చుట్టిన మేకు అన్నింటికన్న ఎక్కువగా త్రుప్పుపట్టును. తుత్తునాగము చుట్టినది నిలుచును. క్రోమియపు పూత చిల్లుపడినచోట జరుగునది మొదటి మేకు కథయే. ఈ ఒక్క ప్రయోగము చూచిన విద్యార్థి నివారణమార్గముల పట్టికను వల్లించుటతో తృప్తిపడడు. ఏ పూత ఏ విధముగా కాపాడునో, ఎప్పుడు కాపాడజాలదో అడుగును. పాఠము నేర్పవలసినది ఆ ప్రశ్ననే.