ఆష్‌ఖానాలో మారు వడ్డన, ఇరానీ హోటల్లో వన్ బై టూ

ఇస్తాంబుల్లో జైతిన్‌బుర్ను అనే పేట ఉంది. చైనా వాయవ్యంలోని షిన్‌జియాంగ్ వదిలి 1950ల నుంచి విడతలు విడతలుగా టర్కీ చేరిన ఉయ్‌ఘర్‌లలో చాలామంది అక్కడ స్థిరపడ్డారు. ఆ సందుల్లో ఆరేడు బల్లలతో నడిచే చిన్న భోజన హోటళ్లను వాళ్ల భాషలో ఆష్‌ఖానాలంటారు. హైదరాబాద్ ఇరానీ హోటళ్లలో తిరిగిన మనిషికి అక్కడ సగం సరుకు తెలిసినదే కనిపిస్తుంది. తందూరు ఉంది, నాన్ ఉంది, పలావు ఉంది, మన సమోసాకు దాయాది అయిన సంసా ఉంది. మిగతా సగం బొత్తిగా కొత్త. చేత్తో సాగదీసిన నూడుల్స్, వాటిని అందుకోవడానికి పుల్లలు, ఉప్పు డబ్బా పక్కన నల్ల వెనిగర్ సీసా. ఈ రెండు రకాల హోటళ్లనూ పక్కపక్కన పెట్టి చూడాలని నాకు చాలాకాలంగా కోరిక. రెండూ వలస వచ్చినవాళ్లు పెట్టినవే, రెండూ సామాన్యుడి జేబుకు అందేవే, రెండూ నాకు ప్రియమైనవే. అయినా ఊరు మారితే వంట ఏమవుతుందన్న ప్రశ్నకు రెండూ ఒకే జవాబు చెప్పవు.

టీతో మొదలుపెడదాం. ఇరానీ హోటల్లో టీయే అసలు సరుకు. మూత బిగించిన పాత్రలో డికాక్షన్ సన్నని సెగ మీద గంటలకొద్దీ మగ్గుతుంది. పాలు వేరే గిన్నెలో చిక్కబడేదాకా కాగుతాయి. రెండూ కలిసేది కప్పులోనే. ఉస్మానియా బిస్కెట్ ముంచుకోవడానికీ, సాసర్లో పోసుకుని జుర్రుకోవడానికీ, ఇద్దరు స్నేహితులు వన్ బై టూ చెప్పి లోకం సంగతులన్నీ మాట్లాడుకోవడానికీ ఆ కప్పు ఆధారం. ఆష్‌ఖానాలో కూడా కూర్చోగానే టీ వస్తుంది, చాలాచోట్ల అడక్కముందే వస్తుంది. అయితే పాలు లేని టీ, పిడి లేని చిన్న గిన్నెల్లో. అది అతిథికి చేసే మర్యాద. తిన్న కొవ్వు అరగడానికి తర్వాత మళ్లీ పోస్తారు. జనం వచ్చేది మాత్రం భోజనానికే. ఇరానీ హోటల్ కూర్చునే హక్కును అమ్ముతుంది, ఆష్‌ఖానా నిండు కడుపును అమ్ముతుంది.

ఆ నిండుతనమంతా లగ్‌మాన్‌లో ఉంది. గోధుమపిండి, ఉప్పు, నీళ్లు, ఇంతే దాని సరంజామా. ముద్ద కలిపి నాననిస్తారు. తర్వాత వేలి లావు పాయలుగా తాల్చి, నూనె రాసి, వెడల్పాటి పళ్లెంలో చుట్లుచుట్లుగా పరిచి, పైన కప్పి మళ్లీ కాసేపు వదిలేస్తారు. ఆర్డరు వచ్చాకే అసలు పని. వంటవాడు చుట్ట కొస అందుకుని వేళ్ల మధ్య నుంచి లాగుతూ సన్నం చేస్తాడు. దాన్ని నూలు కండెలా రెండు చేతులకూ చుట్టుకుని, చేతులు ఎడం చేసి, బల్లకేసి ఠపీమని కొడతాడు. దెబ్బకు కాస్త, మళ్లీ దెబ్బకు ఇంకాస్త సాగుతుంది. తెగదు. సలసల కాగే నీళ్లలోంచి చన్నీళ్లలోకి, చన్నీళ్లలోంచి పళ్లెంలోకి. ఈలోగా పక్క పొయ్యి మీద పెద్ద మంటన గొర్రె మాంసం, ఉల్లి, వెల్లుల్లి, టమాటా, మిరపకాయ, పొడుగు చిక్కుళ్లు చకచకా వేగి, కాస్తంత పులుసుతో నూడుల్స్ మీద పడతాయి. నూడుల్ పంటికింద సాగుతుంది, ఆ సాగులోనే రుచి. టమాటా పులుపు మనకు పరిచయమే. బల్ల మీద లాజా అనే కారం ఉంటుంది. ఎండుమిర్చి, వెల్లుల్లి మీద కాగిన నూనె పోసి చేస్తారు. తెలుగు నాలుక దాన్ని వెంటనే చుట్టరికంలో కలుపుకుంటుంది.

షిన్‌జియాంగ్ హోటళ్లలో లగ్‌మాన్ చాలకపోతే ఉత్త నూడుల్స్ మారు అడగొచ్చు. దానికి విడిగా డబ్బు తీసుకోకపోవడం అక్కడి ఆనవాయితీ. ఈ ఒక్క విషయంలో ఇరానీ హోటల్ కన్నా మన భోజన మెస్సే ఆష్‌ఖానాకు దగ్గర. మెస్సులో అన్నం ఎంతయినా పెడతారు, వేపుడు మాత్రం కొలిచి వేస్తారు. అలాగే ఆష్‌ఖానాలో పిండికి లోటు లేదు, మాంసం మాత్రం ఒక్కసారికే. కాయకష్టం చేసేవాళ్ల ఆకలిని లెక్కలోకి తీసుకున్న వంటలు రెండూ. ఇరానీ హోటల్లోనో, ప్రతి కప్పూ విడి లెక్కే.

పలావు దగ్గరికి వస్తే పోలిక చిక్కబడుతుంది. ఉయ్‌ఘర్‌లు పోలో అంటారు. పెద్ద ఇనుప కళాయిలో నూనె కాచి, మాంసం పెద్ద ముక్కలుగా ఎర్రగా వేయించి, ఉల్లిపాయలు, ఆపైన పొడుగ్గా తరిగిన క్యారెట్ వేస్తారు. కొద్దిగా అనుకునేరు, క్యారెట్ రాశిగా పడుతుంది. పసుపు రంగు క్యారెట్‌కు అక్కడ గౌరవం ఎక్కువ. నీళ్లు, ఉప్పు, చిటికెడు జీలకర్ర, పైన బియ్యం, మూత. కొన్నిచోట్ల ఎండుద్రాక్ష. మసాలా అనదగ్గది మరేమీ లేదు. మన కచ్చి బిర్యానీలో మాంసం పచ్చిగానే పెరుగు, అల్లంవెల్లుల్లి, పచ్చి బొప్పాయి, గరం మసాలాలో నాని, వేయించిన ఉల్లిపాయ, పుదీనా, కుంకుమపువ్వుతో సగం ఉడికిన బియ్యం కిందికి చేరుతుంది. మూత అంచుకు పిండి బిగిస్తారు. కచ్చిలో వాసనలు ఒకదాని మీద ఒకటి ఎక్కి పలుకుతాయి. పోలోలో క్యారెట్ తీపీ, గొర్రె కొవ్వూ రెండే పలుకుతాయి, కాని నిదానంగా, గింజ గింజలోకి దిగి.

పోలో చప్పగా ఉందనే మనవాళ్ల మాట నేను ఒప్పుకోను. బిర్యానీ కొలబద్దతో పోలోను కొలిస్తే చప్పగానే ఉంటుంది. పోలో కొలబద్దతో బిర్యానీని కొలిచే షిన్‌జియాంగ్‌లోని కాష్గర్ మనిషికి మన దమ్ములో మాంసం రుచి మసాలా చాటున దాక్కున్నట్టు అనిపిస్తే అతన్నీ తప్పుపట్టలేం. రెండింటికీ కలిసిన లక్షణం వేరే ఉంది. మూత పెట్టాక వంటవాడికి సరిదిద్దుకునే వీలుండదు. నీళ్ల కొలత, సెగ, సమయం అన్నీ ముందే చేతికి తెలిసి ఉండాలి. కళాయి దగ్గర చెవొగ్గి నిలబడ్డ ఉయ్‌ఘర్ వంటవాణ్ని, దేగ్ మూత మీద నిప్పులు సర్దే హైదరాబాదీ బావర్చీని చూస్తే ఇద్దరిదీ ఒకే శిక్షణ అనిపిస్తుంది.

సంసా, లుఖ్మీల జోడీ చిన్నదే గాని ముచ్చటైనది. హైదరాబాద్ విందుల్లో లుఖ్మీ నలుచదరంగా, మైదా పొరలో ఖీమాతో, నూనెలో వేగి వస్తుంది. తందూరులో కాల్చే ఉయ్‌ఘర్ సంసా కూడా తరచు నాలుగు మూలలు మడిచిందే. తరిగిన గొర్రె మాంసం, తోక కొవ్వు, ఉల్లి, జీలకర్ర, మిరియం లోపల. తడి చేత్తో తందూరు గోడకు అంటిస్తారు, గోడ వేడికి అడుగు కరకరలాడుతుంది, లోపలి కొవ్వు ఉల్లిలోకి కరుగుతుంది. నాన్ కూడా అంతే. పురానీ హవేలీ దగ్గర 1851లో మొదలైన మున్షీ నాన్ నాలుగు మూలల నాన్‌కే పేరుపడింది. ఉయ్‌ఘర్ నాన్ గుండ్రన, నడుమ పలుచన, అంచు మందం, మధ్యలో ముళ్ల అచ్చుతో గుచ్చిన పూల ముగ్గు. ఆ నాన్‌ను బోర్లా పెట్టకూడదు, నేల మీద పడనివ్వకూడదు. అన్నం మెతుకు తొక్కకూడదని విని పెరిగిన మనకు ఆ పట్టింపు ఎవరూ వివరించనక్కర్లేదు.

ఈ చుట్టరికానికి చరిత్రలో సాక్ష్యం లేకపోలేదు. మొదటి నిజాం తాత ఖ్వాజా ఆబిద్ సమర్‌ఖండ్ ప్రాంతం నుంచి వచ్చి మొగలుల కొలువులో చేరినవాడు, 1687 గోల్కొండ ముట్టడిలో గాయపడి చనిపోయాడు. ఆయన మూటగట్టుకుని పలావు తెచ్చాడని నేననను. హైదరాబాద్ వంటలో చింతపండు, కొబ్బరి, నువ్వులు, పల్లీల వాటా చాలా పెద్దది, అది ఈ నేలది. కాని సమర్‌ఖండ్, కాష్గర్‌లను కలిపిన బాటలు ఢిల్లీ మీదుగా దక్కను దాకా సాగాయన్నది నిజం.

ఇక అసలు భేదం. హైదరాబాద్ ఇరానీ హోటళ్లు పెట్టినవాళ్లలో ఎక్కువమంది పూర్వీకులు ఇరాన్‌లోని యజ్ద్ వైపు నుంచి బొంబాయి మీదుగా వచ్చారు. తమాషా ఏమిటంటే ఇరానీ చాయ్ ఇరాన్‌లో దొరకదు. అక్కడి వాళ్లు పాలు కలపని టీని చక్కెర ముక్క పంటికింద పెట్టుకుని తాగుతారు. ఇరానీ ఇళ్లలో వండే కూరలు కూడా ఈ హోటళ్ల పట్టీలోకి రాలేదు. వచ్చినవాళ్లు తమ రుచిని ఇంట్లో పెట్టుకుని, ఊరి రుచిని హోటల్లో వండారు. సమోసా, ఖీమా, పాయా, బిర్యానీ, బన్ మస్కా. మూలమలుపు కొట్లో కూర్చుని ఊరిని గమనించి, దానికి కావలసింది ఇచ్చారు. ఆ కలుపుగోలుతనం మీద నాకు గౌరవం.

జైతిన్‌బుర్ను ఆష్‌ఖానా దీనికి తలకిందులు. బయట టర్కీ వంటలు ఎన్ని ఉన్నా లోపలంతా షిన్‌జియాంగ్ ఊళ్లే, కాష్గర్, గుల్జా, ఉరుమ్చీ. గోడకు దుతార్ అనే తీగల వాద్యం వేలాడుతుంది, పక్కన దొప్ప టోపీ, అత్లస్ పట్టుగుడ్డ. ఆ గుడ్డ మీద అంచులు చెదిరిన రంగుల్ని చూడగానే పోచంపల్లి ఎరిగిన కన్ను ఆగిపోతుంది. నేతకు ముందే నూలు కట్టి రంగు ముంచే విద్య రెండుచోట్లా ఒకటే. అయితే అత్లస్‌లో పడుగుకే కడతారు, పోచంపల్లిలో పేకకూ కట్టగలరు. ఈ అలంకరణను వ్యాపారపు హంగుగా చూసేవాళ్లున్నారు. నేను అలా చూడలేను. 2017 నుంచి షిన్‌జియాంగ్‌లో పెద్ద ఎత్తున నిర్బంధాలు సాగాయి. అవి మానవత్వంపై నేరాల కిందికి రావచ్చని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2022 ఆగస్టు 31న విడుదల చేసిన నివేదికలో రాసింది. విదేశాల్లోని ఉయ్‌ఘర్‌లు ఎందరికో సొంత తల్లిదండ్రులతో ఫోన్‌లో మాట్లాడే దారి మూసుకుపోయింది. ఇరానీ హోటల్ యజమాని వంట మార్చుకున్నప్పుడు అతని వెనక యజ్ద్ పదిలంగానే ఉంది. ఆష్‌ఖానా యజమానికి ఆ ధీమా లేదు. పట్టీలో ఒక్క వంటకం తగ్గించాలన్నా అతనికి చేతులు రాకపోవడం సహజం.

అలాగని ఆష్‌ఖానా గడ్డకట్టిన వంట కాదు. లగ్‌మాన్‌లోని టమాటా, మిరప అమెరికా ఖండాల నుంచి వచ్చినవి, మన పప్పులోనివీ అంతే. నూడుల్స్ తినే పుల్లలు తూర్పు నుంచి వచ్చాయి, పోలోను చేత్తో తినే పద్ధతి పడమటి పొరుగులతో ఉమ్మడి. పెద్ద పళ్లెం కోడి అనే వంటకం ఇంకా కొత్తది, 1980ల తర్వాత ఉత్తర షిన్‌జియాంగ్ రహదారి హోటళ్లలో ప్రచారంలోకి వచ్చింది. అందులోని ఎండుమిర్చి, అనాసపువ్వు సిచువాన్ వంట జాడలు. ఈనాడు అది లేని ఉయ్‌ఘర్ హోటల్ అరుదు. పట్టుదలగా కాపాడుకుంటున్న పట్టీలోనే నిన్నగాక మొన్న వచ్చిన వంటకానికి పెద్దపీట వేశారు.

కజకిస్తాన్‌లోని అల్మాటీ చూస్తే రెండు దారులూ కలిసే చోటు తెలుస్తుంది. 1881 సెయింట్ పీటర్స్‌బర్గ్ ఒప్పందం తర్వాత రష్యా చేతిలో ఉన్న ఇలీ లోయ చైనా చింగ్ సామ్రాజ్యానికి తిరిగి వెళ్లినప్పుడు వేలాది ఉయ్‌ఘర్‌లు సరిహద్దు దాటి ఆ వైపు వచ్చేశారు. తరాలు గడిచాయి. అక్కడ లగ్‌మాన్ ఇప్పుడు ఉయ్‌ఘర్‌ల వంటకంగా మాత్రమే మిగల్లేదు. కజక్‌లు తింటారు, రష్యన్లు తింటారు, చైనా మూలాలున్న డుంగన్ ముస్లింలు తమ తీరులో చేస్తారు, ఆఫీసు క్యాంటీన్లలోనూ దొరుకుతుంది. హైదరాబాద్ ఇరానీ చాయ్‌ని సొంతం చేసుకున్నట్టే అల్మాటీ లగ్‌మాన్‌ను చేసుకుంది. తేడా ఒకటుంది. ఇరానీలు ఊరి రుచికి వంగి ఊరివాళ్లయ్యారు. అల్మాటీలో ఉయ్‌ఘర్‌లు తమ రుచికే ఊరిని వంచారు. ఏది గొప్ప అంటే నేను చెప్పలేను, చెప్పదలచుకోలేదు కూడా.

అమెరికాలో వర్జీనియా వైపున్న తెలుగువాళ్లకు ఇస్తాంబుల్ దాకా వెళ్లే అవసరం లేదు. వాషింగ్టన్ చుట్టుపక్కల ఉయ్‌ఘర్‌లు చెప్పుకోదగ్గ సంఖ్యలో ఉన్నారు, వాళ్ల హోటళ్లూ ఉన్నాయి. నలుగురు కలిసి వెళ్లండి. ముందు సంసా వేడివేడిగా, తర్వాత ఒక లగ్‌మాన్, పోలో ఉందంటే పోలో, నడిమధ్య పెద్ద పళ్లెం కోడి. కోడి ముక్కలు, బంగాళాదుంపలు సగం అయ్యాక వెడల్పు పట్టీల నూడుల్స్ తెమ్మని అడిగి ఆ ఎర్రటి పులుసులో కలపమనండి. పులుసు మిగలనివ్వకండి.