పగులుపై గాజుపలక

గోడపై పగులు కనబడినంతనే ఇల్లు కూలునని గుండెలు బాదుకొనువారును, సున్నము పూసి దానిని మరచువారును లోకమున కొల్లలుగా నున్నారు గాని, అది నిన్నటికంటె నేడు పెరిగినదా యని అడుగువారు అరుదు. ఆనకట్టల కొలువులో ముప్పదియేండ్లు గడపిన నాకు మొదట అబ్బిన విద్య ఆ ప్రశ్నయే. పగులునకు అడ్డముగా సన్నని గాజుపలకను రెండు కొనలయందును సిమెంటుతో అతికి, ప్రక్కన తేదీ వ్రాసి విడుతుము. గాజు సాగదు గనుక పగులు వెండ్రుకవాసి విచ్చినను అది పుటుక్కున విరుగును. ఇంజనీర్లు దీనిని టెల్‌టేల్ అందురు. మా మేస్త్రీ 'కొండెగాడు' అని తెనిగించెను. అంతకన్న మంచి అనువాదము నాకింతవరకు దొరకలేదు.

కొండెగాడు నిజమే పలుకును. కాని వాని మాట వినుటకు మనము పోవలెను గదా. ఆనకట్ట గర్భములోని గ్యాలరీలో ఊటనీటిని అనుదినము కొలిచి పుస్తకమున వ్రాయుట నా పని కాగా, ఒక వర్షాకాలమున ఆ చీకటిమెట్లు దిగుటకు బద్ధకించి, వారము దినములు పాత అంకెనే దింపితిని. పై అధికారి ఆ పుట తెరచి, "జలాశయం ఎనిమిదడుగులు పెరిగింది, ఊట చుక్కైనా మారలేదు. నిద్రపోతోంది ఆనకట్టా, నువ్వా?" అనెను. ఆ సిగ్గు నన్నిప్పటికిని వీడలేదు.

మహారాష్ట్రమున 103 మీటర్ల యెత్తున నిర్మింపబడిన కోయనా ఆనకట్ట వెనుక నీరు నిలుప నారంభించిన పిదప చిన్నచిన్న ప్రకంపనలు తోచుటచే, దక్కను పీఠభూమి అచంచలమైనదను నమ్మకము ప్రబలియున్న ఆ దినములలోనే, అక్కడివారు పరికరములను నెలకొల్పిరి. 1967 డిసెంబరు 11 తెల్లవారకమునుపే మహాకంపము సంభవించినపుడు, గ్యాలరీలోని త్వరణలేఖిని ఆనకట్ట అక్షము వెంబడి గురుత్వ త్వరణములో సుమారు 63 శాతమును నమోదు చేసెను. రూపకర్తలు లెక్కలోనికి గైకొన్న భూకంప గుణకము 5 శాతము. ఈ రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి భాగించుట శాస్త్రసమ్మతము కాదు, గుణకము వేరు, క్షణమాత్రపు శిఖరము వేరు. అయినను ఆ అంతరమును తలచినప్పుడెల్ల నాకు ఒడలు జలదరించును. ఆనకట్ట నిలిచినది, కాని దిగువముఖపు వాలు హఠాత్తుగా మారుచోట ఎత్తైన దిమ్మెలు అడ్డముగా పగిలినవి. పిదప దిగువవైపున కాంక్రీటు చేర్చి వానిని బలపరచిరి. దేశదేశముల ఆనకట్టల శాస్త్రజ్ఞులు నేటికిని తమ లెక్కలను ఆనాటి త్వరణలేఖిని నమోదుతో సరిచూచుకొనుచున్నారు.

ఇప్పుడు వంతెనలకును మేడలకును కంపనములు పసిగట్టు సెన్సర్లు అమర్చుచున్నారు. సంతలో కుండను మీటి కొను ఇల్లాలి విద్యయే యిది: దృఢత్వము సన్నగిల్లినకొలది కట్టడపు సహజ పౌనఃపున్యము తగ్గును. అయితే ఎండకును చలికిని గూడ ఆ నాదము కొంత మారును గనుక, ఆరోగ్యముగా నున్నప్పటి ఏడాది పొడుగు కొలతలు దాచుకొననివానికి ఆపదనాటి కొలత దాదాపు నిష్ప్రయోజనము.

2024 డిసెంబరు 4 ఉదయమున ములుగు ప్రాంతమున 5.3 తీవ్రతతో పుట్టిన కంపము హైదరాబాదులోని మా వంటింటి పాత్రలను గూడ గలగలలాడించెను. నాటి సాయంకాలము పొరుగాయన నన్ను పిలుచుకొని పోయి, గోడపై మూరెడు పగులు చూపి, "ఇది భూకంపానికి వచ్చిందేనంటారా?" అనెను.

"నిన్న ఉందా?" అంటిని.

ఆయన భార్యవంక చూచెను. "నిన్నటిదాకా అక్కడ క్యాలెండరు ఉందండీ" అని ఆమె.

నేను గాజుపలక అతికి, ప్రక్కన తేదీ వ్రాసి, క్యాలెండరును వేరొక మేకునకు తగిలింపుడని చెప్పి వచ్చితిని.