ఆడో మగో వేడి చెబుతుంది

గోడ ఎక్కలేని బల్లి ఒకటుంది. పంచాంగంలో బల్లిపాటు ఫలాలు వెతుక్కునేవాళ్లకు దానితో పనిలేదు, మీద పడాలంటే ముందు పైకి ఎక్కాలి కదా! దాని వేళ్లకు గోడను పట్టుకునే పొరలు లేవు. మనింటి బల్లికి లేని కనురెప్పలు మాత్రం ఉన్నాయి. పేరు లెపర్డ్ గెకో. అఫ్గానిస్తాన్, పాకిస్తాన్, వాయవ్య భారతంలోని రాతి నేలలు దాని ఊరు. దీనికి వరసైన మరో జాతి మన తూర్పు కనుమల్లోనూ ఉంది. దాని జోలికి పోకుండా కొండలకే వదిలేయాలి. ఇక్కడ చెబుతున్నది అమెరికా, యూరప్‌లలో దశాబ్దాలుగా తరతరాలు ఇళ్లలోనే పుట్టి పెరుగుతున్న బల్లుల సంగతి.

పెంపకం తేలికంటారు. వేడి సంగతి తెలిసినవాళ్లకు తేలికే. పెట్టెలో ఒక పక్క నేల 31, 32 డిగ్రీలుండాలి, రెండో పక్క 24, 25 చాలు. తిన్నది అరగడానికి వెచ్చటి పక్కకి, ఒళ్లు చల్లబరచుకోడానికి అవతలికి బల్లే తిరుగుతుంది. ఒక మూల తడి నాచు నింపిన డబ్బా తప్పనిసరి. అది లేకపోతే కుబుసం వేళ్ల చివర మిగిలిపోయి, ఎండి, దారం కట్టినట్టు బిగుసుకుని, ఆఖరికి వేలే ఊడిపోతుంది. మేతకి వేసే పురుగులకు కాల్షియం పొడి, డి3 విటమిన్ అద్దాలి, లేకపోతే ఎముకలు వంగిపోతాయి. కొవ్వంతా తోకలోనే దాచుకుంటుంది కాబట్టి, చేయి తిరిగినవాళ్లు ముందు తోకే చూస్తారు.

అసలు పనితనం గుడ్ల దగ్గర బయటపడుతుంది. ఒక మగదానితో కొన్ని ఆడవాటిని ఉంచవచ్చు గానీ, రెండు మగవాటిని కలిపితే కొట్టుకు చస్తాయి. ఆడది ఒక్కో ఈతకు సాధారణంగా రెండు గుడ్లు పెడుతుంది. పెంకు తోలులా మెత్తగా ఉంటుంది. కోడి తన గుడ్లను అటూ ఇటూ దొర్లిస్తూ పొదుగుతుంది, ఇక్కడ అదే పని చేస్తే లోపలి పిండం చచ్చిపోవచ్చు. అందుకే గుడ్డు కనబడగానే పైభాగాన పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టి, ఉన్నదాన్ని ఉన్నట్టే ఎత్తి, తడిపిన వర్మిక్యులైట్ అనే ఖనిజపు రేణువుల్లో సగం దాకా దించుతారు. గుడ్డు ఆ తడిని పీల్చుకుని ఉబ్బుతుంది. సొట్ట పడిందంటే తడి చాలలేదని అర్థం.

పుట్టేది ఆడో మగో ఆ గుడ్లను ఉంచే ఇంక్యుబేటర్ వేడి తేలుస్తుంది. 26 డిగ్రీల దగ్గర దాదాపు అన్నీ ఆడవే. 32.5 దగ్గర ఎక్కువగా మగవి. 34 దాటితే మళ్లీ ఆడవే! టెక్సస్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ క్రూస్ బృందం వీటిని ఏళ్ల తరబడి గమనించింది. ఎక్కువ వేడిలో పొదిగిన ఆడవి చల్లటి గుడ్ల నుంచి వచ్చిన ఆడవాటికంటే ఎక్కువగా కయ్యానికి కాలు దువ్వుతాయని తేల్చింది. వేడికి లింగమే కాదు, గుణమూ మారుతోందన్నమాట.

ఇంత నేర్పుతో ఆగి ఉంటే బాగుండేది. కానీ బజారు రంగులడిగింది. 2015లో అమెరికాలో ఒక పెంపకందారు చేతికి తళతళలాడే తెలుపు, పసుపు కలిసిన బల్లులు వచ్చాయి. ఆ రంగుకు లెమన్ ఫ్రాస్ట్ అని పేరు. జతకట్టించి సంతతి పెంచారు. కొంతకాలానికి వాటిలో అత్యధిక భాగానికి చర్మం మీద కణుతులు లేచాయి. ఆ మెరుపు తెచ్చిన కణాలే అదుపు తప్పి పెరిగాయి. లాస్ ఏంజెలెస్ శాస్త్రవేత్తలు ఆ పెంపకందారు బల్లుల నుంచే నమూనాలు తీసుకుని, స్పింట్1 అనే జన్యువు దగ్గర తేడా ఉందని 2021లో ప్రకటించారు. మనుషుల్లో మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌తోనూ ఆ జన్యువుకు సంబంధం ఉంది. ఏ బల్లి ఏ జంటకు పుట్టిందో రాసి పెట్టుకునే అలవాటు ఇలాంటి చోటే అక్కరకొస్తుంది.

ఎనిగ్మా అనే రంగుది ఇంకో కథ. వాటిలో చాలావాటికి తల ఒక పక్కకి వాలిపోతుంది, ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి, ఎదురుగా ఉన్న పురుగును అందుకోబోయి గురి తప్పుతాయి. అది తెలిసీ వాటిని జతకట్టించడం నా లెక్కలో పెంపకం కాదు. పిల్లను కొనబోయేవాళ్లు ముందు దాని ముందు ఒక పురుగును వదిలి, ఎలా పట్టుకుంటుందో కాసేపు చూడాలి.