పాలు పడకముందే మార్కులు

శిశువులకు తల్లిపాలు అందించుటలో ఆసుపత్రుల బాధ్యతను నిర్ణయించుచు ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి 1989లో పది సూత్రములను ప్రకటించినవి. వాటిని పాటించు ఆసుపత్రిని పరీక్షించి ‘బేబీ ఫ్రెండ్లీ’ అని గుర్తింపునిచ్చు పద్ధతి 1991లో ఆరంభమైనది. 2018లో సూత్రములను సవరించిరి.

సూత్రములలో తప్పు పట్టదగినది స్వల్పము. పుట్టిన గంటలోపల బిడ్డను రొమ్మున చేర్చుట, రేయింబవళ్లు తల్లి ప్రక్కనే ఉంచుట శరీరధర్మమును అనుసరించినవే. బిడ్డ చప్పరించినకొలది ప్రొలాక్టిన్ అను హార్మోను పాలను తయారుచేయించును. ఆక్సిటోసిన్ వాటిని వెలుపలికి నెట్టించును. రొమ్ము తోడినకొలది ఊరు చెలమవంటిది. ముర్రుపాలు పిండి పారబోసి తేనె నాకించు మన ఇండ్లలోని ఆచారమునకు ఈ నియమములు మంచి మందు.

చిక్కు కొలతలో ఉన్నది. శిశువులలో కనీసము 80 శాతము మంది ఆసుపత్రిలో ఉన్నంతకాలము తల్లిపాలు మాత్రమే త్రాగియుండవలెనని 2018 నాటి ప్రమాణము. ఉన్నంతకాలమనగా ఎంత? సుఖప్రసవమైనచో రెండు మూడు దినములు. పాలు నిండుగా పడునది సాధారణముగా రెండవ, నాలుగవ దినముల నడుమ. రొమ్ములు గట్టిపడుట, చనుమొనలు పగులుట, పాలు చాలుటలేదు డబ్బాపాలు పట్టమని ఇరుగుపొరుగువారు తొందరపెట్టుట, ఇవి చాలవరకు ఇల్లు చేరిన పిదపనే. ప్రశ్నపత్రము అందకముందే మార్కులు వేసినట్లున్నది!

ఇంటికి వెళ్లిన తల్లికి సహాయము కొనసాగవలెనని పదవ సూత్రము చెప్పకపోలేదు. కాని పరీక్షలో చూచునది, ఆసుపత్రికి బయటి సేవలతో సంబంధమున్నదా, సహాయము ఎక్కడ దొరకునో తల్లులకు తెలిపిరా అనునదే. చిరునామా చెప్పుట వేరు, సహాయము అందుట వేరు.

బెలారస్‌లో 31 ప్రసూతి ఆసుపత్రులలో 17,046 మంది తల్లులపై, వారి బిడ్డలపై జరిగిన ప్రయోగము ఫలితములు 2001లో వెలువడినవి. ఈ సూత్రములను అమలుపరచిన చోట మూడవ నెలలో కేవలము తల్లిపాలతో పెరుగుచున్న బిడ్డలు 43.3 శాతము, తక్కిన చోట 6.4 శాతమే. మొదటి ఏట జీర్ణకోశపు అంటురోగములు సోకినవారు మొదటి వర్గములో 9.1 శాతము, రెండవ వర్గములో 13.2 శాతము. దీనిని ఆసుపత్రుల ఘనతగా మాత్రమే చెప్పుట సరికాదు. అక్కడ శిక్షణ పొందినవారిలో ఇల్లు చేరిన బిడ్డలను చూచు పాలీక్లినిక్కుల సిబ్బంది కూడ ఉన్నారు.

మన గ్రామములలో ఆసుపత్రి ప్రసవము తరువాత ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ దినములలో ఇంటికి రావలెనని నియమమున్నది. అప్పుడు బిడ్డ ఏమి త్రాగుచున్నదో వ్రాసికొని ఆ అంకెలను ప్రసవము జరిగిన ఆసుపత్రి ఖాతాలో చేర్చినచో, గుర్తింపు ఫలకము వెలను కనీసము ఆరు వారములవరకైనను కొలిచిచూడవచ్చును.