ముందు కాగితం చూపించు, తర్వాత మాట్లాడు

రాజ్యాధికారం, మాట్లాడే స్వేచ్ఛ, యుద్ధం - ఈ మూడింటి మీద మన పత్రికల్లో చర్చ లేచినప్పుడల్లా రెండు గొంతులే వినిపిస్తాయి. యుద్ధం జరుగుతున్నప్పుడు ప్రశ్నించేవాడు దేశద్రోహి అంటుంది ఒకటి. ఏ కాలంలోనైనా ప్రశ్నించడం పౌరుడి హక్కు అంటుంది ఇంకొకటి. మేం రెండో గొంతు పక్కనే నిలబడతాం. అయితే ఆ గొంతు 'పౌరుడు' అన్నప్పుడు ఎవర్ని తలుచుకుంటోందో అడక్క తప్పదు. హక్కుల గురించి రాసే అగ్రకుల మేధావుల్లో చాలామంది కథను 1975 జూన్ ఎమర్జెన్సీతో మొదలుపెడతారు. అంతకుముందు అందరి నోళ్లూ తెరిచే ఉన్నాయన్నట్టు! దళితుల వైపు నుంచి చూస్తే ఈ కథను కనీసం 1951 నుంచి చెప్పాలి. అందులో తిరుపతి ప్రాంతానికీ పాత్ర ఉంది.

1951 సెప్టెంబరు 27న అంబేద్కర్ నెహ్రూ మంత్రివర్గానికి రాజీనామా ఇచ్చారు. రాజీనామా చేసిన మంత్రి కారణాలు సభలో చెప్పుకోవడం పార్లమెంటు సంప్రదాయం. అక్టోబరులో ఆయన ఆ పనిమీదే సభకు వచ్చారు. అధ్యక్ష స్థానంలో ఉన్నది ఉపసభాపతి మాడభూషి అనంతశయనం అయ్యంగార్. తిరుపతి పక్కన తిరుచానూరులో పుట్టిన వకీలు, స్వాతంత్ర్యోద్యమంలో జైలుకు వెళ్లొచ్చిన కాంగ్రెస్ నాయకుడు. ప్రకటన ప్రతిని ముందుగా ఇవ్వాలనీ, దాన్ని సాయంత్రం ఆరింటికి చదవాలనీ అధ్యక్ష స్థానం పట్టుబట్టింది. అంబేద్కర్ ఒప్పుకోలేదు. సభలోంచి బయటికి నడిచి, ఆ ప్రకటనను పత్రికలకు ఇచ్చారు.

దీన్ని ఒక మనిషి దుర్మార్గంగా చూపించడం మా ఉద్దేశం కాదు. అలా చూపిస్తే అసలు సంగతి జారిపోతుంది. అక్కడ ఎవరూ మాట్లాడొద్దు అనలేదు. మాట్లాడు, కానీ ముందు కాగితం చూపించు, మేం చెప్పిన టైముకు చదువు అన్నారు. రాజ్యాంగ రచనా సంఘానికి అధ్యక్షత వహించిన మనిషికే ఈ షరతు! రచ్చబండ దగ్గర మాల మాదిగలకు ఊరి పెద్దలు పెట్టే షరతు ఇదే కదా? ఏం చెప్పాలనుకున్నావో ముందు నాకు చెప్పు, తర్వాత నేను చూసుకుంటాలే అంటారు. నోరు మూయిస్తే పదిమందికీ తెలుస్తుంది. అనుమతి పెడితే అది మర్యాద కింద చెల్లిపోతుంది.

ఇంతకీ ఆ కాగితంలో ఏముంది? హిందూ కోడ్ బిల్లును గాలికొదిలేసిన సంగతి ఉంది. దాన్ని మహిళా ఉద్యమం గుర్తుపెట్టుకుంది, మంచిదే. వెనుకబడిన తరగతుల కమిషన్ వేయకపోవడం, షెడ్యూల్డ్ కులాల మీద దౌర్జన్యాలు ఆగకపోవడం ఉన్నాయి. వాటి పక్కనే విదేశాంగ విధానం మీద గట్టి విమర్శ ఉంది. దేశం ఏడాదికి రాబట్టే 350 కోట్ల రూపాయల ఆదాయంలో 180 కోట్లు సైన్యానికే పోతున్నాయని ఆయన లెక్క చెప్పారు. అంటే రూపాయిలో అర్ధరూపాయికి పైగా! మిత్రులు లేకుండా చేసుకున్న విధానం వల్లనే ఈ భారం నెత్తిన పడిందన్నారు.

మన విమర్శకులు ఈ ప్రకటనను ముక్కలుగా చదువుతున్నారు. దౌర్జన్యాల భాగం దళితులకు, సైన్యం ఖర్చు భాగం ఆర్థికవేత్తలకు, కోడ్ బిల్లు స్త్రీలకు పంచిపెట్టేశారు. అంబేద్కర్ మాత్రం అన్నిటినీ ఒకే కాగితం మీద రాశారు. యుద్ధం, రక్షణ పెద్దవాళ్ల విషయాలు, నువ్వు నీ కులం గోడు చెప్పుకుని పో అనే పంపకాన్ని ఆ కాగితం ఒప్పుకోలేదు. దళితవాడలో బడికీ బావికీ డబ్బుల్లేవన్నప్పుడు, ఆ డబ్బులు యాడికి పోతున్నాయో అడిగే హక్కు దళితులకు ఉంది.

అలాగని ఆయన్ను శాంతిదూతగా నిలబెట్టడమూ సరికాదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మహర్లకు సైన్యంలో చోటు కావాలని ఆయన కోరారు, 1941లో మహర్ రెజిమెంటు ఏర్పడింది. అంటరానివాడి చేతికి ఆయుధం దక్కడం ఆత్మగౌరవ సమస్య కూడా. ఇక, అదే ప్రకటనలో ముస్లింల ప్రస్తావనను హిందూత్వవాదులు కత్తిరించి, దళితుల్ని ముస్లింల మీదికి ఎగదోయడానికి వాడుతున్నారు. ముస్లింలకు రక్షణ కావాలనడంలో తను ఎవరికీ తీసిపోనని చెప్పి, మరి షెడ్యూల్డ్ కులాలకు అక్కర్లేదా అని ఆయన అడిగారు. మొదటి సగం దాచిపెట్టడం మోసం. కశ్మీర్‌ను మత ప్రాతిపదికన విడగొట్టాలన్న ఆయన సూచనతో మాత్రం మేం ఏకీభవించం. అక్కడి మనుషుల ఇష్టాన్ని మతం లెక్కతో తేల్చడం కుదరదు. అంబేద్కర్‌ను గౌరవించడమంటే ప్రతి మాటకూ తల ఊపడం కాదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. వామపక్ష వారపత్రిక 'క్రాస్ రోడ్స్'ను మద్రాసు ప్రభుత్వం తన రాష్ట్రంలోకి రానివ్వలేదు. చిత్తూరు జిల్లా అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. 1950 మేలో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. 1951 జూన్‌లో మొదటి రాజ్యాంగ సవరణ వచ్చింది. శాంతిభద్రతల పేరు మీద, విదేశాలతో స్నేహం పేరు మీద వాక్ స్వాతంత్ర్యానికి కొత్త ఆంక్షలు తెచ్చింది. మద్రాసు కమ్యూనల్ జీవో కొట్టివేతతో ప్రమాదంలో పడ్డ రిజర్వేషన్లను 15(4) ద్వారా కాపాడింది కూడా ఆ సవరణే. న్యాయమంత్రిగా దాన్ని సమర్థించింది అంబేద్కరే. నాలుగు నెలలు తిరక్కముందే మాట్లాడటానికి ఆయనకే షరతులు ఎదురయ్యాయి. దళితులకు సీటు ఇచ్చిన రాజ్యమే గొంతు మీద చెయ్యి వేసే అధికారం కూడా తీసుకుందని ఇక్కడ గమనించాలి.

యుద్ధాలు ఆ చేతికి బలమిచ్చాయి. చైనా యుద్ధం సందర్భంగా 1962 అక్టోబరు 26న ఎమర్జెన్సీ ప్రకటించారు. ప్రకటించిన రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్, తిరుపతి లూథరన్ మిషన్ బడిలో చదువుకున్నవారు. యుద్ధం నవంబరు 21కి ఆగింది. ఎమర్జెన్సీ 1968 జనవరి దాకా సాగింది. మధ్యలో 1965 యుద్ధం వచ్చింది కదా అనొచ్చు, అదీ కొన్ని వారాలే. 1963లో పదహారో సవరణ 'సార్వభౌమత్వం, సమగ్రత' అనే ఇంకో ఆంక్షను చేర్చింది. 1971 డిసెంబరు 3న మళ్లీ ఎమర్జెన్సీ పెట్టారు. యుద్ధం 16వ తేదీకి అయిపోయింది. ఎమర్జెన్సీని 1977 మార్చి దాకా ఎత్తలేదు. విరసం కవులను 1973లో మీసా కింద నిర్బంధించింది ఈ కాలంలోనే, ఇందిరాగాంధీ ఎమర్జెన్సీకి ఇంకా రెండేళ్లుండగానే. లెక్కేస్తే పద్నాలుగున్నరేళ్లలో పదేళ్లకు పైగా ప్రభుత్వం చేసే చట్టాల ముందు ఆర్టికల్ 19 నిలవలేదు. 1978లో నలభైనాలుగో సవరణ కొంత కట్టడి చేసింది గానీ, యుద్ధం పేరు మీద ఆ హక్కును పక్కనబెట్టే వీలు ఇప్పటికీ ఉంది.

అనంతశయనం అయ్యంగార్ 1952లో తిరుపతి నుంచి, 1957లో చిత్తూరు నుంచి లోక్‌సభకు గెలిచారు. ఇవాళ ఆ రెండూ ఎస్సీ రిజర్వుడు స్థానాలు. ఈ మార్పు చిన్నది కాదు. కానీ 1932 పూనా ఒప్పందం నుంచి రిజర్వుడు సీటులో గెలుపును తేల్చేది అన్ని కులాల ఓట్లు. టికెట్టు ఇచ్చేది అగ్రకులాల చేతుల్లోని పార్టీలు. సభలో టైమును పంచేది పార్టీల లెక్కన. 1985 ఫిరాయింపుల చట్టం వచ్చాక విప్ కాదని ఓటేస్తే సభ్యత్వమే పోవచ్చు. రక్షణ పద్దు మీద మన ఎంపీ అడగాల్సిన ప్రశ్న కూడా ముందు పార్టీ ఆఫీసులో చూపించాల్సిన కాగితమే అయిపోయింది.

రాజద్రోహం సెక్షన్ 124ఏ అమలును 2022 మేలో సుప్రీంకోర్టు నిలిపింది. 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహితలో 152వ సెక్షన్ ఆ చోటికి వచ్చి కూర్చుంది. యుద్ధం వస్తే ఎవరి నోరు ముందు మూతపడుతుందో ఊహించడం కష్టం కాదు. అందుకే 1951 ప్రకటనను ముక్కలు చెయ్యకుండా మొత్తంగా వెంకటేశ్వర విశ్వవిద్యాలయం తరగతుల్లోనూ, దళితవాడల సమావేశాల్లోనూ చదవాలని మేం కోరుతున్నాం. ఏటా బడ్జెట్ వచ్చినప్పుడు రక్షణ పద్దునూ, ఎస్సీ ఉప ప్రణాళిక పద్దునూ పక్కపక్కన పెట్టి లెక్క అడగాలి. తిరుపతి, చిత్తూరు ఎంపీలు ఏ పార్టీవాళ్లైనా సరే, ఆ లెక్కను సభలో అడిగారా లేదా అని మన ఊళ్లకు వచ్చినప్పుడు నిలదీయాలి.