ఇస్తినమ్మ నక్షత్రం

నా సీరియల్ పద్నాలుగో భాగం పెట్టిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పడుకునే ముందు 4.8 ఉన్న రేటింగ్ తెల్లవారేసరికి 4.5కి దిగింది. ఎవరికైనా చెబితే నవ్విపోతారు. పాయింటు మూడు తగ్గితే కొంపలేమైనా మునిగాయా? మునగలేదు. కానీ ఆ పొద్దున పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను. మా వారు ఏమీ అనకుండా పెరుగు కలుపుకుని తిని వెళ్లిపోయారు. నేను పొయ్యి పక్కన నిలబడి లెక్క వేస్తున్నాను. ఇరవై మంది కలిసి ఇచ్చిన 4.8ని ఇద్దరే ఇద్దరు ఒక్కొక్క స్టార్ పెట్టి 4.5 చేశారు. మళ్లీ 4.8 కనిపించాలంటే ఇంకో 26 మంది, ఒక్కరు కూడా తగ్గకుండా, అయిదుకి అయిదు ఇవ్వాలి. లెక్కలంటే భయపడి డిగ్రీలో చరిత్ర తీసుకున్నదాన్ని, ఈ లెక్క మాత్రం నోటితోనే చేశాను.

ఇదంతా సాహిత్య పత్రికలో రాసే సంగతేనా అని చాలా రోజులు సందేహించాను. ఇది నా బలహీనత, దీన్ని విమర్శ అనడమెందుకు అనుకున్నాను. కానీ ఒక మాట. ఫోన్లో కథలు రాసే ఆడవాళ్లకి ఇవాళ ఆ అంకె తప్ప వేరే విమర్శకుడు లేడు. మా కథలు ఏ సమీక్షకుడి బల్లమీదికీ వెళ్లవు. మా గురించి ఏ సభలోనూ ఎవరూ మాట్లాడరు. ఎడిటర్ తిప్పి పంపడం కూడా ఒక రకం పలకరింపే, మాకు అదీ లేదు. 2014లో బెంగళూరులో మొదలైన ప్రతిలిపి లాంటివి వచ్చాక, ఏ పత్రికకీ కథ పంపే ధైర్యం లేని వాళ్లు వందలమంది రాస్తున్నారు. అది చిన్న విషయం కాదు. ఏ యాప్‌లో రాసినా పద్ధతి ఒకటే. ఎంతమంది చదివారు, ఎంతమంది అనుసరిస్తున్నారు, అయిదుకి ఎన్ని. ఆ అంకె మన రాతను కొలిచి ఊరుకుంటుందా, మార్చేస్తుందా అన్నదే నా ప్రశ్న. నా విషయంలో ఏం జరిగిందో చెబుతాను.

పద్నాలుగో భాగంలో ఏముందంటే, సరళకి నలభై ఆరేళ్లు. భర్త తాగడు, కొట్టడు. పిల్లలు స్థిరపడ్డారు. అత్తగారు కూడా మంచావిడే. ఆమె ఇంటికి రెండు వీధుల అవతల ఒక గది అద్దెకు తీసుకుంటుంది. పగలు పది నుంచి నాలుగు దాకా అక్కడ కూర్చుంటుంది. రాయడానికి కాదు, కుట్టుపనికి కాదు, ఎవర్నో కలవడానికీ కాదు. ఊరికే. సాయంత్రం ఇంటికొచ్చి వంట చేస్తుంది. అంతే. ఆ భాగం రాస్తున్నప్పుడు నాకు చాలా రోజుల తర్వాత చెయ్యి తేలికగా కదిలింది.

ఒక్కో స్టార్ ఇచ్చిన ఇద్దరిలో ఒకరు, ‘ఆమెకేం తక్కువ?’ అని రెండు ముక్కలు రాశారు. రెండోవారు ఏమీ రాయలేదు. భర్తను తాగుబోతును చేసి ఉంటే, నాలుగు దెబ్బలు కొట్టించి ఉంటే, ఆ గదికి వెంటనే అనుమతి దొరికేది. ఆడదానికి గది కావాలంటే ఒంటిమీద వాత చూపించాలి. ఈ సంగతి నాకు అప్పుడే తెలుసు, తెలిసీ ఏం చేశాను? పదహారో భాగంలో సరళ భర్తకు గుండెపోటు తెప్పించాను. పదిహేడులో ఆమె ఆసుపత్రి వరండాలో కూర్చుని తన స్వార్థానికి తనే ఏడ్చింది. పద్దెనిమిదో భాగంలో తాళంచెవి తెచ్చి ఇంటి ఓనరుకి ఇచ్చేసింది. రేటింగ్ 4.9. ‘కన్నీళ్లు ఆగలేదు మేడమ్’, ‘కుటుంబ విలువలు చక్కగా చెప్పారు అక్కా’. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

వర్జీనియా ఉల్ఫ్ ఆడవాళ్లు రాయడానికి ఒక గది, కొంత సొంత డబ్బు కావాలని చెప్పిందని మనందరికీ తెలుసు. 1929 నాటి అదే పుస్తకంలో మరో సంగతి ఉంది, దాన్ని అంతగా తలచుకోం. పాతకాలపు రచయిత్రులు చాలామంది ఇతరుల అభిప్రాయానికి లొంగి తమ విలువల్ని మార్చుకున్నారని, ఒకరు కోపంగా ఎదురు తిరిగి, మరొకరు బుజ్జగిస్తూ రాశారని, రెండు పద్ధతుల్లోనూ నవల చెడిందని ఆవిడ అంటుంది. లొంగకుండా నిలబడినవాళ్లుగా జేన్ ఆస్టిన్‌నీ, ఎమిలీ బ్రాంటీనీ చెబుతుంది. నేను బుజ్జగించే జాతి. నా సరళకి నేనే గది ఇచ్చి, ఇద్దరి కోసం నేనే ఖాళీ చేయించాను.

జనాదరణ అంటేనే తప్పు అనడం లేదు. ఆ మాట అనేవాళ్లంటే నాకు భయం కూడా. 1960లు, 70లలో మన రచయిత్రుల నవలలు వారపత్రికల్ని నిలబెట్టాయి. అద్దె పుస్తకాల షాపుల్లో అట్టలు ఊడిపోయేదాకా తిరిగాయి. మగ రచయితలు కొందరు ఆడపేర్లు పెట్టుకుని రాసుకోవాల్సి వచ్చింది. అంత ఆదరణ వస్తే విమర్శకులు ఏమన్నారు? వంటింటి సాహిత్యమన్నారు, కాలక్షేపమన్నారు. ఎక్కువమంది ఆడవాళ్లు చదివారన్నదే ఆ నవలల నేరం. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ని నేను పదో తరగతిలో లెక్కల పుస్తకం మధ్య పెట్టుకుని చదివాను. ఇప్పుడు మళ్లీ చదివితే రాజశేఖరం డబ్బూ, కారూ, అహంకారమూ నాకు చికాకే. కానీ జయంతి ఉద్యోగం చేస్తుంది, ఎవరి దయా అక్కర్లేదంటుంది. ఆ అభిమానం కోసమే మా అమ్మ తరం ఆ పుస్తకాన్ని దాచుకుంది. ఆ సంగతి చూడకుండా అమ్మకాలు మాత్రమే చూసి తీసిపారేసిన విమర్శా అంకెల విమర్శే. తలకిందులుగా.

తేడా ఎక్కడుందంటే, ఆ కాలపు అంకె రచయిత్రి దాకా రావడానికి టైము పట్టేది. ఉత్తరం రాసి, స్టాంపు అంటించి, డబ్బాలో వేయాలి. పత్రికాఫీసులో ఎవరో విప్పాలి. సర్క్యులేషన్ ఎంత పెరిగిందన్నది ఎడిటరు గదిలో మాట. ఈ ఆలస్యంలో రచయిత్రికి కాస్త గాలి ఆడేది. వచ్చే వారం భాగం అప్పటికే రాసి ఇచ్చేసి ఉండేది. అలాగని ఆ రోజులు బంగారమనీ కాదు. రంగనాయకమ్మ ‘జానకి విముక్తి’ ఆంధ్రజ్యోతి వారపత్రికలో సీరియల్‌గా వస్తూ అభ్యంతరాల మధ్య ఆగిపోయింది. అదీ ఒక రేటింగే. కాకపోతే ఆవిడ జానకిని అభ్యంతరాలు చెప్పినవాళ్ల ఇంటికి తిరిగి పంపలేదు. నవల పూర్తి చేసి పుస్తకంగా తెచ్చింది. పత్రిక ఆపింది గానీ కథ మారలేదు. నా విషయంలో ఎవరూ ఏదీ ఆపలేదు. యాప్ నన్ను ఒక్కమాట అనలేదు. నేనే మార్చాను. ఎవరూ అడక్కుండానే.

ఇప్పుడు అగ్రస్థానాల్లో ఉండే సీరియళ్లు ఒక ఏడాది పాటు పని పెట్టుకుని చదివాను. చాలావాటిలో ఒప్పంద పెళ్లి ఉంటుంది. హీరో పెద్ద కంపెనీ యజమాని, మాటకి ముందు చెంప పగలగొడతాడు, తర్వాత ఆ చెంపకే మందు రాస్తాడు. రాజశేఖరానికి మనవడు అనుకోండి. కానీ ఎదురుగా జయంతి లేదు. ఉద్యోగం చేసే పిల్ల రెండో భాగంలో ఉద్యోగం మానేస్తుంది. భాగం ప్రతిసారీ ఎవరో తలుపు తీసే చోట ఆగుతుంది. తలుపు అవతల ఎవరున్నారో రచయిత్రికి కూడా తెలియదని నా అనుమానం, ఎందుకంటే నాకూ తెలిసేది కాదు. రేపటి భాగం తెరిపించడమే ఆ తలుపు పని. ఈ రచయిత్రుల్లో బ్రహ్మాండమైన సంభాషణ రాయగలవాళ్లు ఉన్నారు. ఒకామె అత్తాకోడళ్లు చింతపండు గింజలు తీస్తూ మాట్లాడుకునే దృశ్యం రాసింది. అలాంటి పేజీ నేను పేరున్న కథకుల్లో కూడా అరుదుగా చూశాను. ఆ భాగానికి ఆమెకి తక్కువ మార్కులొచ్చాయి. ‘సాగదీస్తున్నారు’ అన్నారు. తర్వాత ఆమె అలాంటిది మళ్లీ రాయలేదు.

మరి అగ్రస్థానం ఎలా వస్తుంది? ఇక్కడ నేనూ నేరస్థురాలినే. మేం పదకొండు మందిమి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. ఎవరు కొత్త భాగం పెడితే మిగతా పదిమందీ అదే గంటలో అయిదు కొట్టాలి. చదవడం తర్వాతి సంగతి. ఒకసారి పెళ్లిపందిట్లో కూర్చుని నలుగురికి అయిదులు పంచాను, ఒక్క లైను చదవకుండా. శ్రావణమాసంలో పేరంటానికి వెళ్లినప్పుడు ‘ఇస్తినమ్మ వాయనం’ అంటే ‘పుచ్చుకుంటినమ్మ వాయనం’ అంటాం కదా. సెనగలు అటు వెళ్లి ఇటు వస్తాయి. మేమూ అంతే. ఇస్తినమ్మ నక్షత్రం. కాకపోతే వాయనంలో సెనగలు నిజమైనవి, ఇంటికెళ్లి తాలింపు వేసుకుంటాం.

పాపువా న్యూగినీ ప్రజల కానుకల ఇచ్చిపుచ్చుకోళ్ల మీదా, స్త్రీపురుష సంబంధాల మీదా ఏళ్ల తరబడి పని చేసిన మార్లిన్ స్ట్రాథర్న్ అనే బ్రిటిష్ మానవశాస్త్రవేత్త ఉంది. బ్రిటన్ విశ్వవిద్యాలయాల్లో ఆడిట్ల గురించి 1997లో రాస్తూ ఆవిడ తేల్చిన విషయం ఇది: కొలబద్దనే గమ్యం చేసుకుంటే ఇక అది దేన్నీ కొలవలేదు. మా గ్రూపులో ఇది అక్షరాలా జరిగింది. పదకొండు మందికీ 4.9 వచ్చాక ఎవరు బాగా రాస్తున్నారో మాకే తెలియకుండా పోయింది. యూట్యూబ్ కూడా అయిదు స్టార్ల పద్ధతిని 2010లో తీసేసింది. అంతకు ముందు ఏడాది వాళ్లే చూసుకుంటే వచ్చేవి దాదాపు అన్నీ అయిదులేనట. ఇంత పెద్ద కంపెనీకి అర్థమైన విషయం నాకు అర్థం కావడానికి అన్ని రాత్రులు పట్టింది.

అసలు ఎందుకింత పట్టింపు? నేను ఆలోచిస్తే తోచేది, ఇది మాకు కొత్త కాదు. చిన్నప్పటి నుంచీ మేం మార్కుల కింద పెరిగినవాళ్లం. చదువులో మార్కులు సరే, పెళ్లిచూపుల్లో నడిచి చూపించాం, పాడి వినిపించాం. కూరలో ఉప్పు చూసి చెప్పమని కంచం ముందు నిలబడ్డాం. ‘నలుగురూ ఏమనుకుంటారు’ అన్నది మా ఇంట్లో గోడ గడియారంలా ఎప్పుడూ మోగుతూనే ఉండేది. ఆ నలుగురూ ఎవరో ఎప్పుడూ కనబడలేదు. ఫోన్ వచ్చాక కనబడ్డారు. దశాంశ స్థానంతో సహా. మగవాళ్లకి ఈ జబ్బు లేదని కాదు, మా బంధువొకాయన తన కవితకి ఎన్ని లైకులొచ్చాయో అన్నం తింటూ చదివి వినిపిస్తాడు. ఆయన తగ్గితే జనానికి రుచి లేదంటాడు. నేను తగ్గితే నాలోనే ఏదో తప్పుందనుకుంటాను.

ఇంకో పక్క కూడా చెప్పాలి. నా మొదటి కథ 2020లో, లాక్‌డౌన్‌లో పెట్టాను. మర్నాటికి 63 మంది చదివారు. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో నేను చెప్పింది 63 మంది మధ్యలో అడ్డుపడకుండా వినడం అదే మొదటిసారి. ఆ అంకెని నేను తక్కువ చేయలేను. అంకెలు చూడకండి, మీ ఆనందం కోసం రాయండి అని సలహా ఇచ్చే పెద్దలకి పాఠకులు అంతకు ముందే ఉన్నారు.

కానీ ఆ 63 వేరు, 4.9 వేరు. మొదటిది ఎవరో ఉన్నారని చెప్పింది. రెండోది నేనెలా ఉండాలో చెప్పింది. జయప్రభ ‘పైటను తగలెయ్యాలి’ వచ్చినప్పుడు, కొండేపూడి నిర్మల ‘లేబర్ రూమ్’ వచ్చినప్పుడు స్టార్లు ఉండి ఉంటే ఎన్ని పడేవో ఊహించుకోండి. నీలి కవిత్వమని తిట్టారు కాబట్టే 1993లో వచ్చిన సంకలనానికి ‘నీలిమేఘాలు’ అని పేరు పెట్టుకోగలిగారు. తిట్టుకి ముఖం ఉంటుంది, దానికి జవాబు చెప్పొచ్చు. 4.5కి ఏమని జవాబు చెబుతాం?

ఇంకా ముఖ్యమైన సంగతి, అంకె నొక్కినవాళ్లనే లెక్కపెడుతుంది. పద్నాలుగో భాగం కింద ఒకావిడ స్టార్లేమీ ఇవ్వకుండా ఒక ప్రశ్న అడిగింది. ‘మేడమ్, ఆ గదికి అద్దె ఎంత ఉంటుందండీ, మాది ఖమ్మమే.’ ఆ రోజు నేను స్టార్ల గొడవలో ఉండి దాన్ని వృథా మాటగా దాటేశాను. జవాబివ్వలేదు. పద్దెనిమిదో భాగానికి, అంటే సరళ తాళంచెవి తిరిగి ఇచ్చేశాక, ఆవిడే వచ్చి అయిదు స్టార్లు పెట్టింది. ఒక్క మాటా రాయలేదు. నాకొచ్చిన 4.9లో ఆ అయిదూ ఉన్నాయి. ఏడాది తర్వాత పాత అభిప్రాయాలు తిరగేస్తుంటే రెండు చోట్లా అదే పేరు చూశాను. ఫోన్ బోర్లా పెట్టేసి చాలాసేపు కూర్చున్నాను.

పోయిన నెల పదహారు నుంచి పద్దెనిమిది దాకా మూడు భాగాలూ తీసేసి మళ్లీ రాశాను. భర్తకి గుండెపోటు లేదు. సరళ గది సరళకే ఉంది. వాట్సాప్ గ్రూపులోంచి బయటికొచ్చాను కాబట్టి ఆ భాగాలకి ఇప్పటికి తొమ్మిది మందే రేటింగ్ ఇచ్చారు, 4.1. చూడననుకుంటాను గానీ రోజూ చూస్తున్నాను.

ఆవిడ ప్రశ్న కింద జవాబు కూడా రాశాను. వైరా రోడ్డు వెనక వీధిలో గదికి మూడు వేల అయిదు వందలు అడిగారు, కరెంటు బిల్లు వేరు, రెండు నెలల అడ్వాన్సు, నీళ్లు పొద్దున ఒక గంట వస్తాయి. కథ కోసం వాకబు చేసిన సంగతులు కావివి. ఆ గదిని నేను నాకోసమే చూసి వచ్చాను.